ఎడమ భుజం మీది మచ్చ

పుట్టినప్పుడు వేయించడం తప్పిపోయిన క్షయ టీకాను మా మనుమరాలికి వేయిద్దామని మొన్న కోడలితో కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. చిన్నప్పటి ఈ టీకా పెద్దయ్యాక కరోనాలాంటి దగ్గు జబ్బులను కూడా ఆపుతుందా అని నర్సమ్మను ఏమీ తెలియనట్టు అడిగాను. "ఇది పసిపిల్లలకు క్షయ ముదరకుండ వేసేది సారూ. తక్కిన జబ్బుల సంగతి ఇంకా చూస్తనే ఉన్నరు, గట్టిగ చెప్పనీకె రాదు" అంది. కరోనా వచ్చిన ఏడు ఈ ముక్క ఎవరినైనా అడిగి ఉండాల్సింది. కానీ అప్పట్లో నేను అడిగే మనిషిని కాను, చెప్పే మనిషిని.

రాయచూరు జిల్లా ఇడపనూరు దగ్గరి మా ఊళ్ళోనే బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. పాఠం చెప్పే రోగం మాత్రం వదల్లేదు. క్షయ టీకా వేసే దేశాల్లో కరోనా తక్కువేమో అని కొందరు డాక్టర్లు ఆలోచిస్తున్నారని పేపర్లో చదివాను. అందులోని 'ఏమో'ను మింగేసి మిగిలింది ఊరికంతా పంచిపెట్టాను. అరుగు మీద కూర్చుని, గాజులమ్మేవాడిలా వచ్చినవాళ్ళందరి చేతులూ పట్టుకుని, చొక్కా చేయి పైకెత్తి ఆ టీకా మచ్చ కోసం వెతికేవాణ్ణి. కొందరికి ఉన్నది మశూచి టీకా మచ్చ, ఒకాయనకు సైలెన్సర్ తగిలి కాలిన మచ్చ. అన్నిటికీ తీర్పు నాదే. నా ఎడమ భుజం మీద మాత్రం చింతగింజంత మచ్చ నిగనిగలాడుతూ ఉండేది.

లాక్‌డౌన్‌లో నా భార్యా పిల్లలు సింధనూరులో చిక్కుకుపోయారు. ఇంట్లో నేనూ, నన్ను పెంచిన మేనత్తా మిగిలాం. అత్త కాలానికి ఆ టీకాయే లేదు. మాకు మజ్జిగ తెచ్చే ఆమెకూ మచ్చ లేదు. బళ్ళో సూదులు వేసిన రోజు పత్తి ఏరడానికి పోయిందట. కులం వేరైనా నాకు వరుసకు వదిన. "నీకు మచ్చ లేదు, లోపలికి రావద్దు" అని చెంబును గేటు దగ్గరే పెట్టించాను. నేను మాత్రం మూతికి గుడ్డైనా లేకుండా రాయచూరు మార్కెట్టుకు పోయి వచ్చాను.

రెండు రోజులకు గొంతు పట్టింది. "గట్ల దగ్గుతవేందిరా? బయటి అర్రల పండుకోరాదు?" అంది అత్త. "నాకు మచ్చ ఉందత్తా, ఇది వట్టి పడిశం" అని నవ్వి, పాలల్లో నానేసిన జొన్నరొట్టెను పక్కన కూర్చుని తినిపించాను. వారం తిరగకుండా ఆమెకు ఎగశ్వాస. అంబులెన్సులో తీసుకుపోయారు. అక్కడే పోయింది. ఆఖరుసారి చూడ్డానికి ఆమె మొహం కూడా మాకు దక్కలేదు.

ఇంట్లో ఎవరికైనా ముందు దగ్గు వచ్చిందా అని ఆరోగ్య శాఖ వాళ్ళు అడిగారు. లేదన్నాను. అప్పటికి నా గొంతు బాగైంది. ఇక ఊరు తనంతట తానే లెక్క తేల్చింది: ఆ ఇంటికి పోయేది ఎవరు, మచ్చ లేనిది ఎవరు? ఆ లెక్క నేర్పింది నేనే. ఆ వానకాలమంతా వదినను కలుపుకు ఎవరూ పిలవలేదు. కుళాయి దగ్గర అందరి బిందెలూ నిండాకే ఆమె వంతు. పొద్దున్నే సద్దిమూట పట్టుకుని పక్క ఊరికి నడిచిపోతుంటే అరుగు మీంచి చూసేవాణ్ణి. పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి.

నర్సమ్మ మాట విన్న సాయంత్రం ఆమె ఇంటికి పోయాను. బొంత కుడుతోంది. "వదినా, ముందు దగ్గింది నేను. అత్తకు జబ్బు నాతోనే వచ్చింది. నింద నీ మీద పడితే నోరు మూసుకున్న" అన్నాను.

సూది ఆగలేదు. "నాకు అప్పుడే తెలుసు సారూ. చెంబు పెట్టనీకె వచ్చిన పొద్దు మీరు దగ్గుతుంటే విన్న."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలే?"

"ఎవరు నమ్ముతరు? మీరు సారు. నాకేమో మచ్చ లేకపాయె." దారం కొరికి మళ్ళీ అంది: "ముసలామెకు ఆఖరుకు రొట్టె తినిపించినోళ్ళు మీరే కద. గది తలుసుకోండ్రి." ఆ మాట ఓదార్పో, శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు హోటల్ దగ్గర పదిమంది ముందు అంతా చెప్పాను. ఒకాయన సాసర్లో చాయ్ ఊదుకుంటూ, "పోనీండి సారూ, ఎప్పటి ముచ్చటో" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపి వానల మాటల్లో పడ్డారు. ఆమెకు ఒక వానకాలమంతా పట్టిన శిక్ష, నాకు ఒక్క చాయ్ చల్లారేలోపు మాఫీ అయిపోయింది. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. నిజమే కావచ్చు. కానీ తప్పు చేసినవాడి గుమ్మంలోకి అది పరుగున వస్తుంది, నింద పడినవాళ్ళ ఇంటికి మాత్రం నడిచే పోతుంది.