విరిచి చూపిన లడ్డూ

చాచా పోయాడన్న సంగతి మొన్న శుక్రవారం దోహాలోని మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. హైదరాబాద్‌లో, సొంత ఇంట్లోనే. గంటలోపే గ్రూపు నిండా పూల బొమ్మలు. మొదటి పూలగుత్తి పెట్టింది మా సంఘం పెద్ద. కొత్తగా వచ్చినవాళ్ళ సమావేశంలో చాచా రెండు మాటలు చెబుతానంటే, మిఠాయి చేసేవాడికి మత్తు సంగతులెందుకని మైకు ఇవ్వనిది కూడా ఆయనే. ఆ రోజు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి నింద నాతోనే మొదలుపెడతాను.

దోహాలో ముషైరిబ్ దగ్గర మిఠాయి దుకాణంలో చాచా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కుర్రతనంలో పాతబస్తీలో ఒక ఉస్తాదు దగ్గర గంజాయి ఆకు నేతిలో కాచి మాజూన్ అనే మత్తు మిఠాయి ముద్దలు కట్టాడట. ఆ సంగతి దాచేవాడు కాదు. అందుకే వెనకాల అందరూ ఆయన్ని "గంజాయి చాచా" అనేవారు.

సెలవు మీద ఊరికి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళు ఎవరెవరో ఇచ్చిన డబ్బాలు మోసుకొస్తారు. బయలుదేరే ముందు వీడియో కాల్ చేయించి, లోపల మత్తు సరుకేమైనా దాచారేమోనని చాచా ప్రతి డబ్బా మూత తీయించేవాడు. లడ్డూ అయితే విరిపించేవాడు. "ఇచ్చినోడు మంచోడే గావచ్చు. పోలీసోడు వాణ్ణి అడగడు, నిన్ను అడుగుతడు" అనేవాడు. బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంపుల్లోని కుర్రాళ్ళు విసుక్కుంటూనే విరిచేవారు. నేను ఎప్పుడూ చూపించలేదు. బీరువాలకొద్దీ పుస్తకాలు చదివినవాణ్ణి, ఆయనకు పెట్టె చూపడమేమిటి?

పోయినేడు విజయవాడలో ఉండగా మా మేనల్లుడు బ్యాంకాక్ నుంచి గంజాయి కలిపిన చాక్లెట్లు తెచ్చాడు. మోకాళ్ళ నొప్పికీ నిద్రకీ మంచివన్నాడు. భోజనం చేసి ఒక ముక్క తిన్నాను. ముప్పావుగంట గడిచినా ఏమీ లేదు. నాసిరకమనుకుని ఇంకో రెండు తిన్నాను. ఆ తరవాత మూడూ కలిసి మీద పడ్డాయి. గుండె దడ, నోరు ఎండిపోవడం, గడియారం ముల్లు కదలకపోవడం. మర్నాటి మధ్యాహ్నానికి గాని తల నిలబడలేదు.

అయినా బుద్ధి రాలేదు. ఈసారి తక్కువ తిందామని, మిగిలినవి సూట్‌కేసులో సర్దుకున్నాను. మొదటి ముక్క ఎందుకు పనిచేయలేదో తెలుసుకుందామని చాచాకు కాల్ చేశాను.

ఆయన నవ్వలేదు. "పొగ అయితే ఎంబడే ఎక్కుతది సార్. తింటే కడుపులకెళ్ళి పోవాలె. గంట పడ్తది, రెండు గంటలు గూడ పడ్తది. ఎక్కలేదని ఇంకోటి తినుడే అందరు చేసే తప్పు. మా ఉస్తాదు గోరంత ఇచ్చి, మల్ల ఆ పొద్దు ఇంకోటి ఇచ్చెటోడు కాదు. గుండె జబ్బోళ్ళకు అసలే ఇయ్యకపోతుండె."

తరవాత మిగిలినవి ఎక్కడున్నాయని అడిగాడు. నా చూపు సూట్‌కేసు మీదికి పోయింది.

"పెట్టె తెరువుండ్రి సార్."

తెరిచాను. దోహాలో ఆ డబ్బా దొరికితే నాకు జైలు. అల్ వుకైర్‌లో నన్ను తన వీసా మీద ఉంచుకున్న కూతురికి తలవంపులు. చాచా అవేవీ అనలేదు. "ఎయిర్‌పోర్టుకు బేటీ వస్తదా మీకోసం?" అని మాత్రం అడిగాడు. ఆయన చూస్తుండగానే చాక్లెట్లన్నీ మరుగుదొడ్లో పారబోసి నీళ్ళు వదిలాను.

"ఖతర్‌ల జాగ్రత్తగ తినుడు అనేది లేదు సార్. తినకపోవుడే జాగ్రత్త."

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. నెల తిరక్కుండానే, ఆయనకు మైకు ఇవ్వని ఆ సమావేశం జరిగింది. నవ్వకపోతే ఎవరికైనా అనుమానం వస్తుందని నవ్వాను. చాచా నావైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

తరవాత ఆరోగ్యం చెడి ఆయన హైదరాబాద్ వెళ్ళిపోయాడు. పోవడానికి పది రోజుల ముందు మంచం మీంచి వీడియో కాల్ చేశాడు. దోహా వచ్చే మనిషితో నాకు లడ్డూలు పంపుతున్నాడట. మూత తీసి డబ్బా ఫోను ముందు పెట్టాడు. మీది కూడా చూడాలా చాచా, వద్దన్నాను.

"అందరియి చూస్తిమి. నాది గూడ చూడాలె."

లడ్డూ విరగడానికి చాలాసేపు పట్టింది. పొడి దుప్పటి మీద రాలింది. రెండు చెక్కలనూ తెర నిండేలా దగ్గరికి పట్టుకున్నాడు. నేను సరే అనేదాకా దించలేదు.