సూరప్ప మామ కుంకుమ పెట్టిన పెట్టెలు

ఆరేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. దించుకునే చోటు దొరకలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

గోరంట్ల దగ్గర ఫిరంగి గుండ్లు చేసే కార్ఖానాలో నా ఉద్యోగం. దానికోసం భూములు కొనే రోజుల్లో రైతులను ఒప్పించే పని నాదే. వానల్లేక వేరుశనగ మీద ఆశ వదిలేసుకున్నవాళ్లు కదా, అందరూ ఇచ్చేశారు. మా ఊరి సూరప్ప మామ ఒక్కడే కుదరదన్నాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు సరిహద్దులో చనిపోయిన జవాను. సమాధి ఆయన చేన్లోనే ఉంది.

"ఈడ చేసేది ఎవురికప్పా?" అని అడిగాడు.

"మన జవాన్లకే మామా."

"వాని మీద చెయ్యి పెట్టి చెప్పు."

సమాధి మీద చెయ్యి పెట్టాను. రాయి ఎండకు కాలుతోంది. మళ్లీ అదే మాట చెప్పాను.

"అట్లయితే తీసుకోండప్పా. మావాడు కాదనడు."

అబద్ధం. సరుకంతా ఎగుమతికేనని నాకు అప్పటికే తెలుసు. కొనే దేశంవాళ్ల చమురు మనకు కావాలి, మన గుండ్లు వాళ్లకు కావాలి. వాటిని ఎవరి ఊళ్ల మీద వేస్తారో మనం అడగం, అడిగితే ఆ చమురు ఇంకొకరికి పోతుంది. దేశ ప్రయోజనం అంటారు దీన్ని. నేనూ అలాగే సర్దిచెప్పుకున్నాను. కానీ సమాధి మీద చెయ్యి పెట్టింది దేశం కాదు కదా?

ఆ సమాధి ఉన్నచోట ఇప్పుడు గోదాము ఉంది. ఏటా ఆయుధపూజకు మామ వస్తాడు. లారీకి ఎక్కాల్సిన పెట్టెలకు ఒక్కొక్కదానికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, "పిల్లోళ్లను సల్లగా సూడు సామీ" అని మొక్కుతాడు. పెట్టెల మీద పరాయి దేశం పేరు రాసి ఉంటుంది. ఆయనకు చదువు రాదు. నిరుడు టీవీలో ఆ దేశం గుండ్లేసి కూల్చిన ఇళ్ల మధ్య ఒక తండ్రి గుండెలు బాదుకుంటున్నాడు. ఆ రాళ్లలో పసుపు కనిపిస్తుందేమోనని వెతికాను. పిచ్చి కదూ?

చెప్పేస్తే ఏమవుతుంది? సమాధి తిరిగి రాదు. గుండ్లూ ఆగవు. ఆయనకు మిగిలింది ఆ నమ్మకం ఒక్కటే, దాన్నీ లాగేసుకోవడం ఎందుకని ఊరుకున్నాను. నిజంగా జాలేనా అది? లేక నా పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకున్నానా?

రేపు ఆయుధపూజ. మామను తీసుకురావడానికి ఆటో మాట్లాడి పెట్టాను. ఆయనకు చెప్పను. మీకు చెప్పాను. ఇవాళ చాన్నాళ్లకు కడుపునిండా అన్నం తిన్నాను. అందుకూ సిగ్గుగానే ఉంది.