తూము పెట్టింది నేనే

మా వీధి చివరి స్కూలువాళ్లు ఇంకో బ్లాకు కడతారట. చుట్టుపక్కలవాళ్ల అభ్యంతరాలు వింటామని వాట్సాప్‌లో కబురు పెడితే మొన్న ఆదివారం వెళ్లాను. టీ, సమోసా ఇచ్చి తెర మీద బొమ్మలు చూపిస్తూ, దుమ్ము రాకుండా పరదాలు కడతామనీ, మధ్యాహ్నం పూట కాంక్రీటు కలిపే మిల్లరు ఆపుతామనీ కుర్ర ఇంజనీరు చెబుతుంటే, మరి వీధి నీళ్లు పోయే దారేదని అడిగాను. వెనక కుర్చీలోంచి ఎదురింటి పెద్దాయన అందుకున్నాడు. "మీ మావయ్యగారు మనవడి సీటు కోసం వీధిని నీళ్లపాలు చేశారు. తమరు ఎవరి సీటు కోసం వచ్చారండీ?"

నలుగురూ నవ్వారు. మావయ్య పోయి చాలా కాలమైంది గాని ఆ మాట ఇంకా వీధిలో తిరుగుతూనే ఉంది. అది నిజం కాదు.

రావులపాలెం నుంచి మా ఊరికి బస్సులు అంతంతమాత్రంగా తిరిగే రోజుల్లో, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న నన్ను మేనమామ అయిన ఈ మావయ్యే ఆ స్కూల్లో సూపర్‌వైజరుగా పెట్టించాడు. వెనకనున్న పల్లపు జాగాని మెరక చేసి అందులో పైతరగతులకి గదులు కట్టాలి. పని చేయించడం కంటే వీధివాళ్లకి సర్దిచెప్పుకోవడమే నాకు పెద్ద ఉద్యోగం. మట్టి లారీలు పెళ్లివారి పందిరి ముందు ఆగకుండా చూడడం, ఎవరింట్లోనైనా మనిషి పోతే పెద్దకర్మ అయ్యేదాకా మిల్లరు తిప్పకపోవడం, పొద్దున్నే గడపగడపకీ వెళ్లి పలకరించడం నా వంతు. ఆవకాయల కాలం కదా, పక్కింటి అత్తయ్య నన్ను చూసినప్పుడల్లా, తన జాడీలో ఆవపిండి కంటే మా స్కూలు మట్టే ఎక్కువ పడిందని, ఆ ఏడు ముక్క కొరికితే పళ్లు కరకరలాడతాయని దెప్పేది. దెప్పుతూనే మజ్జిగ ఇచ్చేది.

వీధిలో పడ్డ వాననీరంతా అంతవరకూ ఆ పల్లంలోకి చేరి, అక్కడి నుంచి వెనక మురుగు కాలువలోకి నెమ్మదిగా జారేది. మెరక చేస్తే ఆ దారి మూసుకుపోతుందని అందరికీ తెలుసు. మట్టి కింద నుంచి తూము వేస్తామని స్కూలువాళ్లు అన్నారు గాని వాళ్ల మాట ఎవరూ నమ్మలేదు. చివరికి మావయ్య పూచీ పడితేనే ఒప్పుకుంటామన్నారు. ఆయన మాటకి వీధిలో అంత విలువ ఉండేది.

అవి వేసవిలో పంట కాలువలకి నీళ్లు కట్టేసిన రోజులు. మురుగు కాలువ అడుగు బీటలు వారి ఉంది. కాలువలు వదిలి ఊడ్పులు మొదలైతే అది గట్లంచుదాకా నిండుతుందని ఈ సీమలో పుట్టినవాడెవడికైనా తెలుసు, నాకూ తెలుసు. గట్టు దిగి కిందటేటి నీటి చార చూసుకుని, తూము దానికి పైగా పెట్టిస్తే సరిపోయేది. అలా పెడితే వేసిన మట్టి మళ్లీ తవ్వాలి, బడులు తెరిచే నాటికి గదులు కావు. ఎండిన అడుగుకే మట్టం పెట్టి కప్పించేశాను.

ఆ సాయంత్రం మావయ్య వచ్చి తూము నోటి దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

"నీటి మట్టం చూసే పెట్టావురా?"

"చూశాను మావయ్యా."

మరో మాట అడగలేదు. ఇంటింటికీ వెళ్లి, మావాడు చూశాడు, భయం లేదని చెప్పి వచ్చాడు.

కాలువలు వదిలాక కురిసిన మొదటి పెద్ద వానకి తూము ఎదురు తన్నింది. మురుగు కాలువ నీళ్లు వీధిలోకి వచ్చాయి. అత్తయ్య వంటింట్లో ఆవకాయ జాడీలు తేలాయి, ఎదురింటివాళ్ల ధాన్యం బస్తాలు మొలకెత్తాయి. మావయ్య మనవడు అదే నెలలో ఆ స్కూల్లో చేరడంతో జనం రెండూ కలిపి చూసుకున్నారు. ముఖం మీదే అడిగినా ఆయన నా పేరెత్తలేదు. నన్నూ ఏమీ అడగలేదు. రాములవారి గుడి అరుగు మీద ఆయన కూర్చునే చోట కొన్నాళ్లకి వేరేవాళ్లు కూర్చుంటుంటే, ఇంట్లోనే పేపరు చదువుకోవడం అలవాటు చేసుకున్నాడు. నా ఉద్యోగం మాత్రం నిలబడింది.

మొన్న ఆ నవ్వుల మధ్య లేచి నిలబడ్డాను. "తూము పెట్టింది నేనండి. మట్టం చూశానని మావయ్యతో అబద్ధమాడాను. ఆయనకేం తెలియదు."

ఎదురింటాయన టీ కప్పు కింద పెట్టాడు. "ఆయనుండగా చెప్పాల్సిందండీ," అన్నాడు. మిగిలినవాళ్లలో సగంమందికి మావయ్యంటే ఎవరో తెలియదు. కుర్ర ఇంజనీరు మర్యాదగా ఆగి, ఇంతకీ తూము ఎంత ఎత్తులో పెట్టమంటారని అడిగాడు. కాలువలు వదిలేదాకా ఆగి మట్టం చూసుకోమన్నాను. అప్పటికి బడులు తెరిచేస్తారు కద సార్ అన్నాడు. ఆ జవాబు నాకు కొత్త కాదు.

ఇప్పుడెవరూ ఎవరి పూచీ అడగడం లేదు. ఆ వాన తరవాత ఒకరిని చూసి ఒకరు ఇళ్లు పడగొట్టి, రోడ్డు కంటే ఎత్తుగా మెరక చేసి కట్టుకున్నారు. కొత్త బ్లాకుకి ఒప్పుకున్నట్టు మొన్న ఆదివారం రాత్రే వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్ల బొమ్మలు వరసగా వచ్చాయి. మావయ్య మాత్రం బతికున్నన్నాళ్లూ తన ఇంటిని అంగుళమైనా లేపనివ్వలేదు. ఆయన పోయాక, పిల్లలు వేరే ఊళ్లలో స్థిరపడితే ఆ ఇల్లు నేనే కొనుక్కున్నాను. చినుకు పడితే వీధిలో నీళ్లన్నీ ముందు మా గుమ్మంలోకే వస్తాయి. మెరక చేయించుకోమని మా ఆవిడ ఏటా అంటుంది. ఈ ఏడు చూద్దాంలే అని నేనూ ఏటా అంటాను.