జాల్యా బోరు గుట్టు

మా బాపు పేరు జాల్యా. నర్సింహులపేట దగ్గర తండా. నాలుగు బోర్లు వేస్తే మూడు దుమ్మే లేపాయి, నాలుగోదానిలో రెండున్నర ఇంచుల నీళ్లు పడ్డాయి. ఆ రోజు నుంచి మా బాపు అంత అబద్ధాలకోరు జిల్లాలో లేడు. ఎవరైనా గట్టు మీద నడిచొస్తుంటే గేటువాల్వు సగం కట్టేసేవాడు. "ఏం నీళ్లే, ఇంచు పోస్తది, గదీ ఆగి ఆగి" అని మొహం వేలాడేసేవాడు. నవ్వకండి. ఒకరి బోరులో నీళ్లున్నాయని తెలిస్తే చాలు, గట్టు అవతల బోరు వేసే రిగ్గు దిగే నేల మాది. నీళ్ల లోతు ఇక్కడ ఇంటి గుట్టు.

అలాంటి మనిషి నా కోసం ఆ గుట్టు విప్పాడు.

నేను జనగామ వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తున్నాను. మా పని చిన్న రేడియో పెట్టెలతో. గాలిలో ప్రతి తరంగానికీ ఒక హక్కుదారు ఉంటాడు. అతను వాడుకోని వేళ చూసుకుని మా పెట్టె ఆ సందులో తన మాట చెప్పి తప్పుకుంటుంది. తనకు కావలసిన కరెంటును ఆ పెట్టే ఎండలోంచి ఏరుకోవాలి. మాట పరాయి చెవిన పడకుండా పక్కన ఇంకో పెట్టె ఉత్త మోత చేస్తుంది. పెళ్లిలో బ్యాండు పక్కన నిలబడ్డవాడికి మన గుసగుస వినపడదు కదా, అంతే. ఆ మోత మా రిసీవర్ వైపు రాకుండా ఏంటెన్నా తిప్పి పెడతాం.

బోరులో నీటిమట్టం చెప్పే పెట్టెను పరీక్షించడానికి నా గైడు సార్‌కు ఒక చేను కావాల్సి వచ్చింది. ఏ రైతు ఇస్తాడు? చివరికి బాపుని అడిగాను.

"ఎవ్వరికి తెల్వదు గద కొడుకా?" అన్నాడు.

"తెల్వదు బాపూ, నేనున్న గద" అన్నాను.

పెట్టెలు బిగించే రోజు సారూ, నాతో పరిశోధన చేసే మిథునూ వచ్చారు. బాపు చినిగిన బనీనుతో, బురద కాళ్లతో గట్టు మీద నిలబడ్డాడు. "ఈయన ఎవరు, నరేందర్?" అని సార్ అడిగారు. "తండా రైతు, సార్" అన్నాను. అంతటితో ఆగానా? "జాల్యా, గా పెట్టె జర పట్టుకో" అని కన్నతండ్రిని పేరు పెట్టి పిలిచాను. థూ, నా బతుకు! బాపు ఒక్క క్షణం నా మొహం చూశాడు. తర్వాత "పట్టుకుంటున్న సారూ" అన్నాడు.

ఆ పరీక్షలో మిథున్ పని చాటుగా వినడం. వాళ్ల నాయిన హన్మంత్ జనగామలో వ్యాపారి, ఈమధ్యే మా చేను పక్కన ఆరెకరాలు కొన్నాడు. ఆ చేలో రిసీవర్ పెట్టుకుని మిథున్ మా పెట్టె మాట వినడానికి చూడాలి, మోత వల్ల వినలేకపోవాలి. పది రోజులు వినలేకపోయాడు.

మార్చిలో మూడు రోజులు మబ్బు పట్టింది. రెండు పెట్టెలకూ ఒకటే సోలార్ ప్లేటు, ఛార్జి అడుగంటింది. మోత సాగితే మాట ఆగిపోతుంది. మాట ఆగితే సార్‌కు చూపాల్సిన గ్రాఫుకు గండి పడుతుంది. నేను మోత ఆపేశాను. వినేది మిథునే కదా, మనోడే కదా అనుకున్నాను.

మర్నాడు అన్నం తింటూ మిథున్ వాళ్ల నాయినతో అన్నాడట, "పక్క చేన్ల తొంభై అడుగులకే నీళ్లున్నయి నాయినా" అని. వారం తిరగకముందే గట్టు అవతల రిగ్గు దిగింది. నాలుగు వందల అడుగులు దింపారు. ఇంకో వారానికి మా బోరు గాలి కక్కింది. పొట్టకొచ్చిన వరి నిలువునా ఎండింది. "మోటరు కరాబైందేమో అని మీ బాపు మూడుమార్లు గుంజి చూసిండు" అని మా అమ్మ గంగి ఫోన్‌లో ఏడ్చింది.

మిథున్‌ను క్యాంటీన్‌లో పట్టుకుని గల్లా పట్టినంత పని చేశాను. అది మా బాపు బోరని అప్పుడు, అరుస్తూ చెప్పాను. వాడు తెల్లబోయాడు.

"ఒక్క మాట చెప్పకపోతివి గదన్నా! పేరు పెట్టి పిలుస్తుంటివి, ఎవరో అనుకున్న. ఎరుకైతే నేను నోరు తెరుస్తునా?"

నీళ్లు దాచమంటే నేను బాపుని దాచాను. మోత ఆపింది నేనేనని ఆయనకు ఇంకా చెప్పలేదు.

నాలుగు రోజులకు బాపు గోనెసంచి నెత్తిన పెట్టుకుని కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. నేనూ సారూ అటే నడిచొస్తున్నాం. వాచ్‌మన్ యాకయ్య "ఎవరు గావాలె?" అంటున్నాడు.

"నరేందర్ సార్ పెట్టెలు. బోరెండింది, ఇగ గీటితోని పనేమున్నది? వాపస్ ఇద్దామని అచ్చిన."

"సార్, ఈయన మా బాపు" అన్నాను. యాకయ్యకూ వినపడేంత గట్టిగానే అన్నాను.

బాపు కంగారుపడిపోయాడు. "కాదు సార్, కాదు. నేను తండా రైతును. నరేందర్ సారుకు నా మీద పాణం, గందుకే గట్లంటడు."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన నెత్తి మీది సంచి అందుకోబోతే వెనక్కి జరిగాడు.

"వద్దు సారూ, బరువున్నది."