సగం పని తెలిసిన నేతగాడు

జమ్మలమడుగులో నబీ రసూల్ నేసిన పంచెను అంచు తడిమి గుర్తుపట్టేవాళ్లుండేవారు. ఆ సంగతి అందరికంటే ఎక్కువ నబీ రసూల్‌కే తెలుసు. ఎవరి మగ్గం దగ్గరికి పోయినా ఒక వంక పెట్టకుండా తిరిగి వచ్చేవాడు కాదు. మనిషి మంచివాడే, నోరే కాస్త పొడుగు.

1961లో, తొలకరి పడిన వారం, ప్రొద్దుటూరు నుంచి నేతగాళ్ల సొసైటీ సెక్రటరీ సుందరం బస్సు దిగి నేరుగా ఆయనింటికే వచ్చాడు. అబిసీనియా దేశంలో కొత్తగా నేత బడి పెడుతున్నారట. గుంత మగ్గం బిగించి మొదటినుంచి చివరిదాకా పని నేర్పేవాడు ఒకడు కావాలట, ఏడాది పాటు. సొసైటీ నబీ రసూల్ పేరు రాసి పంపితే ఒప్పుకున్నారు. రెండు నెలల్లో బొంబాయిలో ఓడ ఎక్కాలి.

వీధి వీధంతా ఆ ప్రయాణాన్ని నెత్తికెత్తుకుంది. ఒకప్పుడు రంగూన్ చూసివచ్చిన బావమరిది పులివెందుల నుంచి పనిగట్టుకుని వచ్చి, పరాయి దేశంలో నీళ్లు కాచుకుని తాగమని, ఎవరు నవ్వినా తిరిగి నవ్వమని చెప్పిపోయాడు. మసీదులో పెద్దాయన, అది ప్రవక్త కాలంలో తొలి అజా పిలిచిన బిలాల్ హజ్రత్ పెద్దల గడ్డ, భయమేమీ లేదన్నాడు. అక్కడా జొన్నలు పండుతాయని సుందరం చెప్పాక రొట్టె బెంగ కూడా తీరింది. సుందరం రెండోసారి వచ్చి కాగితాల మీద సంతకాలు చేయిస్తుంటే, రాట్నం ముందు కండెలు చుట్టుకుంటున్న గులాబ్‌బీ తల ఎత్తకుండానే మొగుడి గురించి అడిగింది.

"ఈయప్పకు ఆడ పడుగు అతికేదెవరు సార్?"

"అచ్చు ఈడ నుంచే తీసుకపోతాడు గదమ్మా."

"అచ్చు పోతాది. అతికే చెయ్యి యాడ పోతాది?"

సుందరం నబీ రసూల్ వైపు చూశాడు. నబీ రసూల్ గోడ వైపు చూశాడు.

మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతే, దువ్వెనలాంటి అచ్చు పళ్లలో మిగిలిన పాత కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే చేర్చి, వేళ్లకు బూడిద రాసుకుని, మెలిపెట్టి అతకాలి. రెండువేల పైచిలుకు పోగులు. ముడి వేస్తే అచ్చులో దూరదు. ఆ వీధిలో అది ఆడవాళ్ల పని. పెళ్లయి ఇరవై రెండేళ్లుగా నబీ రసూల్ గుంతలో దిగేసరికి పడుగు సిద్ధంగా ఉండేది. అదెట్లా సిద్ధమయిందో ఆయన ఏనాడూ అడిగి ఎరుగడు.

"ఆడోళ్లు చేసే పని, అదేమంత! రెండు దినాల్లో వస్తాది," అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున్నే కూర్చుని మధ్యాహ్నానికి రెండువందల పోగులు అతికాడు. గులాబ్‌బీ వచ్చి చిటికెన వేలితో పడుగును కొంచెం లాగింది. సగానికి సగం ఊడి వచ్చాయి. నూలు మంచిది కాదన్నాడు, బూడిద తడిగా ఉందన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. వారం గడిచినా పోగులు ఊడుతూనే ఉన్నాయి.

అప్పుడు ఎవరికీ చెప్పకుండా ప్రొద్దుటూరు బస్సెక్కి, తోడుగా ఇంటామెను కూడా పంపమని సుందరాన్ని బతిమాలాడు. ఒక్కరికే టికెట్టు, కాదంటే ఇంకొకరి పేరు రాస్తామన్నాడు సుందరం. పోతే పరాయి దేశంలో పరువు పోతుంది, పోకుంటే ఉన్న ఊళ్లోనే పోతుంది. నబీ రసూల్ ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "నేను పోనులే," అన్నాడు.

"పోకుంటే మానె. పోతానంటే రేప్పొద్దున నమాజు కాంగానే వచ్చి నా పక్కన కూచో. నోరు మాత్రం తెరవాకు," అంది గులాబ్‌బీ.

తెరవలేదు. నెలదినాలు ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె ఒకవైపు కోడిని అదిలిస్తూ, ఇంకోవైపు పక్కింటామెతో మాట్లాడుతూ కూడా పోగు తప్పేది కాదు. ఆయనకు మూడోనాటికి వేలి కొసలు చీలి రక్తం వచ్చింది. ఆ రోజే మొదటిసారి ఆమె వేళ్లు తిప్పి చూశాడు. కొసలు కొయ్యలాగా గట్టిపడి ఉన్నాయి. ఆయనకు శానా సిగ్గయింది.

ప్రయాణం ఇంక రెండు రోజులుందనగా, ఒక పడుగు మొత్తం తానొక్కడే అతికి ముగించాడు. గులాబ్‌బీ లాగి చూసింది. ఊడలేదు. అయినా నమ్మకం కుదిరినట్టు లేదు, కొంగు దోపుకుని గుంతలోకి దిగింది. కాళ్లతో తొక్కి, కండె పెట్టిన నాడెను పోగుల మధ్య అటూ ఇటూ విసిరింది. ఆగుతూ, తడబడుతూ, అయినా మూడు వేళ్ల మేర బట్ట నేసింది. అతుకులన్నీ నిలిచాయి.

నబీ రసూల్‌కు అతుకుల మీద ధ్యాసే లేదు. "నేసేది నీకెప్పుడొచ్చె?"

"నువ్వు మసీదుకు పోయినప్పుడంతా కొంచెం కొంచెం. ఏడాది మగ్గం ఆగితే సొసైటీవాళ్లు నూలిస్తారా? ఈడ నేసేదెవరనుకున్యావు?"

ఆయన వంగి బట్ట చూశాడు. అంచు వంకరటింకరగా పోయింది. పరాయి మగ్గమైతే ఈపాటికి నాలుగు మాటలనేవాడే. గుంత గట్టు మీద మెల్లగా కూర్చుని, నాడె పట్టుకున్న ఆమె చేతి మీద చెయ్యి వేశాడు.

"కొస కాడ గట్టిగా లాగొద్దు. ఇట్ల, వదులుగా."

ఆమె ఇంకోసారి విసిరింది. నెలదినాలు ఆమె తన పనంతా నేర్పింది. తన పని నేర్పడానికి ఆయనకు మిగిలింది రెండు రోజులే.