మూడోసారి అడగని మర్యాద

అమెరికాలోని శాంటా క్లారాలో నేను ఇంకో ముగ్గురు స్టూడెంట్లతో ఉండే అపార్ట్‌మెంట్‌కి సరిగ్గా కింద ఫరామర్జ్ అంకుల్ ఉండేవారు. ఇరాన్‌లో విప్లవానికి ముందు రాయబారిగా, ఉపమంత్రిగా చేశారు. తప్పించుకుని ఇక్కడికొచ్చాక ఇరవయ్యేళ్లు పార్కింగ్ గ్యారేజీ బూత్‌లో టికెట్లు ఇచ్చారు. ఆ బూత్‌లోనే కూర్చుని పాతకాలపు పర్షియన్ రాయబారుల ఉత్తరాలకు వివరణలు రాశారు. ముప్పై ఒక్క పెట్టెలయ్యాయి. ఎనభయ్యారేళ్ల మనిషికి మిగిలిందంతా అదే.

ఈ వేసవిలో ఆయన వృద్ధాశ్రమానికి మారాల్సి వచ్చింది. అక్కడ రెండు సూట్‌కేసులకే చోటు. మిగతాదంతా శుక్రవారం చెత్త ట్రక్కుకి. నేను ఒక యూనివర్సిటీ లైబ్రరీకి ఈమెయిళ్ల మీద ఈమెయిళ్లు పెడితే మంగళవారం ఒకావిడ వచ్చింది. గంటసేపు కాగితాలు తిరగేసి, "ఇవన్నీ మాకిస్తారా?" అని అడిగింది.

అంకుల్ గుండె మీద చెయ్యి పెట్టుకుని, "మీ స్థాయికి తగినవి కావు. మీకెందుకు శ్రమ" అన్నారు.

వాళ్ల మర్యాద అది. రెండుసార్లు వద్దని, మూడోసారి అడిగితే సరేనంటారు. నా చేతి టీ కూడా అలాగే తాగేవారు. మనకు తెలియనిదా? మా ఇంట్లో ఇంకో గారె కావాలని నోరు తెరిచి అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఆవిడకు తెలీదు. "మీ ఇష్టం, అర్థం చేసుకోగలను" అని లేచింది. మళ్లీ అడుగుతుందని ఆయన గుమ్మం దాకా నవ్వుతూనే సాగనంపారు. నేను టీ కప్పులు పట్టుకుని గుడ్లప్పగించి చూశాను. పెద్దవాళ్ల మధ్య ఏం మాట్లాడతాంలే అన్న నా పాడు మొహమాటం నా నోరు నొక్కేసింది. దానికి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

బుధవారమంతా ఆయన ఫోన్ పక్కనే కూర్చున్నారు. గురువారం నేనే లైబ్రరీకి ఫోన్ చేశాను. ఈ పెట్టెల కోసం అనుకున్న చోటు వేరేవాళ్ల కాగితాలకు ఇచ్చేశారట. ఇంటికి గ్యారేజీ ఉన్న తెలుగువాళ్లందరికీ, పెట్టెలు కొన్నాళ్లు ఉంచుకోమని మెసేజ్ పెట్టాను. జవాబుగా దండం బొమ్మలే వచ్చాయి.

"దేశాల మధ్య ఒప్పందాలు కుదిర్చాను గిరిజా" అన్నారు అంకుల్. "ఒక్క 'సరే' అనలేకపోయాను."

శుక్రవారం పొద్దున ట్రక్కు వచ్చి ఆగింది. నా మంచం కింద కొలిచి చూస్తే మూడు పెట్టెలు పడతాయి.

"మూడు నా దగ్గర ఉంచుకుంటాను అంకుల్." రెండోసారి, మూడోసారి ఏమని అడగాలో కూడా సిద్ధం చేసుకునే వెళ్లాను.

"తీసుకో" అన్నారు వెంటనే.

"ఏ మూడు?"

ఆయన ముప్పై ఒక్క పెట్టెల వంక చూసి ఏడవడం మొదలుపెట్టారు.