మూత మీద బొగ్గు ముక్క

ముందే చెప్తున్నాను, నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. నమ్మేవాళ్లతో వాదించి పెళ్లిళ్లలో విస్తరిలో అన్నం చల్లారబెట్టిన చరిత్ర నాది. నెల్లూరులో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్తున్నాను. ఇది రాస్తుంటే కూడా నాకు నేనే ఎదురు ప్రశ్నలు వేసుకుంటున్నాను.

పోయిన వేసవిలో మా చెల్లెలు సుజాతకు కడుపు ఆపరేషన్ అయింది. దొరవారిసత్రంలో వాళ్లింటికి వచ్చాక తిండి మానేసింది. ఏం పెట్టినా రెండు మెతుకులు కొరికి పళ్లెం నెట్టేసేది. మనిషి సగమైంది. ఏదో ఒకటి తినిపించండి, లేకపోతే మళ్లీ ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిందే అన్నారు డాక్టరు. ఇరవయ్యో రోజు తనే ఫోన్ చేసి, "అక్కా, మామిడికాయ ఏసి నువ్వు చేసే చేపల పులుసు తినాలనుంది" అంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు.

మైపాడు నుంచి వంజరం చేప తెప్పించి ఆ సాయంత్రమే పులుసు కాచాను. తెల్లారేదాకా ఊరితేనే దానికి రుచి. పొద్దున స్టీలు క్యారియర్‌లో సర్దుతుంటే మా అత్త ఒక బొగ్గు ముక్క తెచ్చి మూత మీద పెట్టింది. నీసు కూర ఊరు దాటేటప్పుడు బొగ్గు లేకపోతే ఆ వాసనకు ఏదో ఒకటి వెంటబడుతుందని, తిన్నవాళ్లను పట్టుకుంటుందని మా వైపు నమ్మకం.

"బొగ్గంటే కార్బనత్తా. దానికి దయ్యం భయపడేట్టయితే నా పెన్సిల్‌కీ భయపడాల" అన్నాను.

"చదువుకున్నదానివి, నీకు చెప్పేదాన్నా మే" అని ఆమె మూతి తిప్పుకుంది.

కారు వీధి మలుపు తిరగ్గానే బొగ్గు తీసి బయటికి విసిరేశాను.

కారులో నేనొక్కదాన్నే. క్యారియర్ పక్క సీటు కింద, కాళ్లు పెట్టుకునే చోట ఉంది. గూడూరు దాటాక టింగ్ టింగ్ మని మోత మొదలైంది, బెల్టు పెట్టుకోకపోతే వస్తుందే, అది. నా బెల్టు పెట్టే ఉంది. పక్క సీటు ఖాళీ. మోత ఆగదు. చిరాకెత్తి, తొందరగా చేరిపోదామని తొక్కాను. నాయుడుపేట ఇంకాస్త దూరం ఉందనగా పోలీసులు ఆపారు. పట్టపగలు, పదకొండు గంటలు.

కానిస్టేబుల్‌కి నా వయసే ఉంటుంది. చేతిలో మిషన్ చూపించాడు. నూట పద్దెనిమిది.

"ఏంది మేడమ్, యాడికి ఎగరతా ఉండారు? వెనకామెకు బెల్టు కూడా లేదే."

"వెనకామె ఎవరు? నేనొక్కదాన్నే."

"ఇప్పుడే చూసినా గదా. పచ్చ చీరామె. ముందుకి వంగి, మీ పక్క సీటు కిందకి చూస్తా ఉండె."

వెనక తలుపు తీసి ఖాళీ సీటు చూపించాను. మీకు కావాల్సింది కళ్లద్దాలు అన్నాను. అతను నవ్వలేదు. సీటు వైపు చూశాడు, తర్వాత క్యారియర్ వైపు చూశాడు. మోత ఇంకా వస్తూనే ఉంది.

"అందులో ఏముందక్కా?" మేడమ్ పోయి అక్క వచ్చింది.

"చేపల పులుసు. ఆపరేషనైన మా చెల్లెలికి."

"బొగ్గు ఏసినారా?"

ఇక నేను ఊరుకుంటానా? రోడ్డు పక్కనే పాఠం మొదలుపెట్టాను. ప్రభుత్వ ఉద్యోగి అయ్యుండి ఈ మాటలేమిటన్నాను. "స్పీడుకి ఎంతైనా రాసుకోండి. బొగ్గు మాత్రం వెయ్యను" అన్నాను. అంతా విని, "మీ కోసం కాదక్కా. తినే ఆయమ్మ కోసం" అన్నాడు.

పాఠం అక్కడితో ఆపేశాను.

పక్కనే ఉన్న మొక్కజొన్న పొత్తుల బండి దగ్గర్నుంచి అతనే ఆరిన బొగ్గు ముక్క తెచ్చిచ్చాడు. నా చేత్తోనే మూత మీద పెట్టాను. మోత టక్కున ఆగింది.

తీశాను. మోగింది. పెట్టాను. ఆగింది. మళ్లీ తీశాను, మళ్లీ మోగింది. భయం వేయలేదు. పరీక్షనాళికలో రంగు మారడం మొదటిసారి చూసిన రోజు ఎట్లా ఉందో అట్లా ఉంది. నాలుగోసారి చెయ్యి పెట్టబోతే కానిస్టేబుల్ అడ్డం వచ్చాడు.

"దాంతో ఆటలేందక్కా. పెట్టేసి పోండి."

స్పీడు చలానా మాత్రం వదల్లేదు.

సుజాత ఆ మధ్యాహ్నం రెండుసార్లు అన్నం పెట్టించుకుంది. చివర్లో వేళ్లకంటిన పులుసు నాక్కుంటూ, "ఉప్పు తక్కువేసినావక్కా" అంది. ఇరవై రోజుల తర్వాత తను పెట్టిన మొదటి వంక. నేను వంటింట్లోకి పోయి కళ్లు తుడుచుకున్నాను.

ఆ వారమే కారు షెడ్డులో చూపించాను. ముందు సీట్లకు మోత సరిగ్గానే పని చేస్తోందన్నాడు మెకానిక్. ఈ బండిలో వెనక సీట్లకు ఆ మోతే ఉండదట. వైరు లూజేమోనని గంట వాదించాను. లూజైన వైరు బొగ్గు పెడితే ఎందుకు ఆగుతుందో, పచ్చ చీర ఎవరిదో అతన్ని అడగలేను కదా. నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు నెలకోసారి సుజాతకు పులుసు తీసుకుపోతున్నాను. బయల్దేరే ముందు అత్త దగ్గరికెళ్లి చెయ్యి చాస్తాను. ఆమె ఒక్క మాట అనకుండా బొగ్గు ముక్క చేతిలో పెడుతుంది. ఏదైనా అంటే బాగుండు, వాదించేదాన్ని.